రాతి బీటలు – కాంతి కొలత



ఈ ఖతర్ దేశమును విమానమునుండి చూచినవారికి గాని, దోహానుండి దుఖాన్ వరకు మోటారులో పోయినవారికి గాని, భూమి ఆద్యంతము ఒక్కటే సమతలమని తోచుట సహజము. అత్యున్నతస్థానము సైతము సముద్రమట్టమునకు 103 మీటర్లకు మించని యీ ద్వీపకల్పమున, రాయలసీమలోని కొండచరియలవంటివి గాని, తెలంగాణమున ఊరూర నిలిచియుండు బండరాళ్ళ గుట్టలవంటివి గాని కంటికి కానరావు. అయినను, మన తెలుగువారు పలువురు కాపురముండు దోహాలోని ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వీథులలో నడచునపుడు, ఇసుకయు, పూడ్చిన మన్నును, కాంక్రీటును కలిసిన కొద్దిపాటి పొర దాటినంతనే మన పాదములక్రింద నాలుగుకోట్ల సంవత్సరములకు పైబడిన సున్నపురాయి పరచుకొనియున్నది. భూవిజ్ఞానులు దానికి సిమ్‌సిమా సున్నపురాయి యని పేరిడిరి. దానిక్రింద మిద్రా అను పలుచని బంకరాతి పొరయు, దానికిని దిగువన జిప్సముతో కూడిన రస్ అను పొరలును కలవు. ఈ పొరలన్నింటిని పరిశీలించి, ఖతర్ భూమి స్వరూపమును సమగ్రముగా వర్ణించిన కావెలియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుని గ్రంథము 1970లో వెలువడినది. నేటికిని ఇచ్చటి భూవిజ్ఞానమునకు అదియే ఆకరము.

నేడు నేను చెప్పదలచినది ఆ రాతినిగూర్చి కాదు, ఆ రాతిలోని బీటలనుగూర్చి. ఒక దేశపు నీరు ఎచ్చట ఇంకును, చమురు ఏ దారిని పారును, మేడ పునాది ఏ మూల క్రుంగును అను మూడు ప్రశ్నలకును సమాధానము రాతి పదార్థమునందుకంటె, అందలి చీలికలయందే అధికముగా దాగియున్నదని నా దృఢవిశ్వాసము. ఆ చీలికలను నేలపై నిలిచి, దూరమునుండి, కాంతికిరణముల సాయమున కొలుచు ఒక విద్య గడచిన పాతికేండ్లలో విశేషముగా వృద్ధిపొందినది. ఆ విద్య యెట్టిది, దాని బలమెంత, లోపమేమి, మన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వంటి చోట దానికి పనియేమి అను విషయములను మనవి చేసెదను.

ముందుగా బీటలు పుట్టు విధము. ఖతర్ ద్వీపకల్పము ఉత్తర దక్షిణములుగా సాగిన ఒక విశాలమైన రాతివంపు. పొరలు నడుమ మెల్లగా పైకుబికి, తూర్పునకును పడమరకును స్వల్పముగా వాలియున్నవి. పడమటితీరమున దుఖాన్ వద్ద సన్నగా, పొడవుగా మరియొక వంపు కలదు. గల్ఫునకు ఆవల ఇరాన్ తీరమున జాగ్రోస్ పర్వతములను పైకెత్తిన ఒత్తిడియు, లోతున ఉన్న పురాతన శిలల కదలికయు ఈ పొరలను కొంత వంచినవి, కొంత విరిచినవి. గట్టిరాయి ఒత్తిడికి లోనైనపుడు వంగగలిగినంత వంగి, ఆపై చీలును. ఆ చీలికలు కూడ ఇష్టము వచ్చినట్లు కాక, ఒత్తిడి దిక్కునుబట్టి వరుసలు తీరి, ఒకదానికొకటి సమాంతరముగా ఏర్పడును. ఖతర్‌లో ఈశాన్య నైరృతి దిక్కులుగా ఒక వరుసయు, వాయవ్య ఆగ్నేయ దిక్కులుగా మరియొక వరుసయు ప్రధానములు.

ఈ వరుసల ప్రభావమెంతటిదో తెలియుటకు యంత్రములతో పనిలేదు. శీతకాలపు వానలు కురిసిన పిమ్మట మనవారు పిల్లలతో ఉత్తరదిశగా పోయి, పచ్చిక మొలచిన పల్లపునేలలయందు చెట్లనీడన కూర్చుండి వచ్చుట కలదు గదా! ఇచ్చటివారు రౌదాలని పిలుచు ఆ పల్లములు ఖతర్‌లో చిన్నవియు పెద్దవియు కలిసి 9,700కు పైగా కలవు. ఖతర్ విశ్వవిద్యాలయమునకు చెందిన అబ్దులలి సాదిక్, సోభీ నాసిర్ అను శాస్త్రజ్ఞులు 2002లో ప్రకటించిన వ్యాసమున, ఈ పల్లములును, దేశమధ్యమున ఉన్న దహల్ అల్ మిస్ఫిర్ వంటి నలువది మీటర్ల లోతు గల గుహలును ఒకే కుటుంబమునకు చెందినవని నిరూపించిరి. కొన్ని లక్షల యేండ్ల క్రిందట ఈ ఎడారిపై సమృద్ధిగా వానలు కురిసిన యొకానొక యుగమున, నీరు రాతి బీటలవెంట దిగి, దిగువ సున్నపురాతిని, జిప్సమును కరగించి, పైకప్పు కూలుటచే అవి ఏర్పడినవి. అందుచేతనే ఆ పల్లములును గుహలును రాతి చీలికల దిక్కులనే, అనగా ఈశాన్య నైరృతములు, వాయవ్య ఆగ్నేయములనే అనుసరించియున్నవి. ఏటికి ఎనుబది మిల్లీమీటర్ల వాన పడుటయు గగనమైన ఈ నేలపై, పడిన ఆ కొద్దినీరు భూగర్భమున నిలుచుటకు నేటికిని ముఖ్యద్వారములు అవియే.

చీలికను కొలువవలసిన అవసరమును ఒక్క భౌతికనియమము స్పష్టముచేయును. నున్నని రెండు రాతిపలకల నడుమ పారు నీటి పరిమాణము ఆ పలకల ఎడముయొక్క ఘనమునుబట్టి మారును. ఎడము రెండింతలైనచో ప్రవాహము ఎనిమిదింతలగును, పదింతలైనచో వేయింతలగును. వెంట్రుకవాసి పగుళ్ళు వేయి గల బండకంటె, ఒక్క మిల్లీమీటరు వెడల్పు గల బీటలు రెండుమూడు గల బండ ఎక్కువ నీటిని పోనిచ్చుట ఈ కారణముచేతనే. సగటుకు ఇచ్చట విలువ లేదు. ఏ బీట ఎంత వెడల్పు, ఎంత పొడవు, ఏ దిక్కునకు వాలినది, పొరుగు బీటతో కలిసినదా లేదా అను వివరములన్నియు విడివిడిగా తెలియవలసినదే.

ఇక చమురు సంగతి. దుఖాన్‌లో 1938లో తొలిబావి తవ్వుట మొదలై, 1940 నాటికి చమురు కనుగొనబడినది. యుద్ధము అడ్డుపడుటచే 1949 డిసెంబరునకు గాని ఎగుమతి సాగలేదు. ఆనాటినుండి నేటివరకు ఇంజనీర్లను పీడించుచున్న సమస్య యొక్కటి కలదు. బావి రంధ్రము జానెడు వెడల్పు మాత్రమే. దాని గోడలయందు ఏ పగుళ్ళు కనబడినను, అవి జానెడు అవతల ఏమైనవో అది చెప్పజాలదు. భూకంపతరంగములవంటి కృత్రిమ ధ్వనితరంగములను భూమిలోనికి పంపి ప్రతిధ్వని వినుట మరియొక పద్ధతి. అది మైళ్ళకొలది విస్తీర్ణమును చూపునుగాని, అట్టి లోతులలో పదుల మీటర్లకు తక్కువైన దేదియు దానికి కానరాదు. జానెడునకును పదుల మీటర్లకును నడుమ, సరిగా నీరును చమురును పారునట్టి బీటలు ఏ పరిమాణమున ఉండునో ఆ పరిమాణముననే, పెద్ద చీకటి మిగిలిపోవుచున్నది. ఆ చీకటిని తొలగించు ఉపాయము ఒక్కటే: అట్టి రాయియే భూమిపైకి తేలిన చోటు వెదకి, దాని ముఖమును చదువుట.

1971లో కనుగొనబడిన నార్త్ ఫీల్డ్ వాయునిక్షేపమునకు ఆధారమైన ఖఫ్ అను సున్నపురాతి పొరలు ఖతర్ సముద్రమున సుమారు మూడు కిలోమీటర్ల లోతున ఉన్నవి. ఆ కాలమునాటి పొరలే ఒమాన్‌లో అల్ జబల్ అల్ అఖ్దర్ పర్వతముపై, సైఖ్ పీఠభూమియందు, సముద్రమట్టమునకు రెండువేల మీటర్ల యెత్తున ఆకాశముక్రింద ఆరుబయట నిలిచియున్నవి. ఖతర్ భూగర్భమును తెలిసికొనగోరువారు ఒమాన్ కొండలకు పోవుటలోని మర్మమిదియే. 2008లో ఖతర్ పెట్రోలియం, షెల్ సంస్థ, ఖతర్ సైన్స్ అండ్ టెక్నాలజీ పార్కు, లండన్‌లోని ఇంపీరియల్ కళాశాల కలిసి పదేండ్ల కాలమునకు, ఏడుకోట్ల డాలర్ల వ్యయముతో నెలకొల్పిన పరిశోధనకేంద్రము సైతము సున్నపురాతి నిక్షేపములను శోధించుటలో ఒమాన్ శిలాముఖములను విశేషముగా ఆశ్రయించినది.

శిలాముఖమును చదువుటకు పూర్వపద్ధతి సరళమైనది, శ్రమతో కూడినది. డేవిడ్ బ్రంటన్ అను గనుల ఇంజనీరు 1894లో పేటెంటు హక్కు పొందిన జేబుదిక్సూచి, ఒక టేపు, ఒక సుత్తి, ఒక నోటుపుస్తకము, ఇవియే సాధనములు. రాతిపై టేపు పరచి, దానిని దాటిన ప్రతి బీటకును దిక్సూచి ఆనించి, వాలెంతయో, ఏ దిక్కునకో వ్రాసికొందురు. ఓర్పుగలవాడు ఒక్క పగటిలో వందబీటలను కొలువగలడేమో. చేయి అందని యెత్తున ఉన్నవానిని వదలివేయవలసినదే. కూలుటకు సిద్ధముగా నున్న చరియ క్రిందికి పోరాదు. పరీక్షింపవలసినది తరచుగా అట్టి చరియయే యగుట ఈ పనిలోని క్లేశము.

ఇచ్చటనే కాంతి తోడ్పడినది. 1960లో థియొడోర్ మైమన్ తొలి లేజరును వెలిగించిన పిమ్మట, కాంతిని కొలబద్దగా వాడవచ్చునని శాస్త్రజ్ఞులు వెంటనే గ్రహించిరి. త్రిపాదిపై నిలిపిన లేజర్ స్కానర్ ఒక సూక్ష్మకిరణమును రాతిపైకి విడుచును. ఆ కిరణము రాతిని తాకి చెదరి, అందులో లేశమాత్రము వెనుకకు వచ్చును. పోయివచ్చుటకు పట్టిన కాలమునుబట్టి దూరము తెలియును. కాంతి సెకండునకు మూడులక్షల కిలోమీటర్లు పోవునది. సెకండులో వందకోట్లవ వంతున అది ముప్పది సెంటీమీటర్లు మాత్రమే నడచును. కావున దూరమును అయిదు మిల్లీమీటర్ల నిర్దుష్టతతో చెప్పవలెనన్నచో, ఆ వందకోట్లవ వంతును మరల ముప్పదిభాగములుగా విభజించి కొలువగల గడియారము కావలెను. అట్టి గడియారము నేడు యంత్రము కడుపులో ఇమిడియున్నది! కిరణమును ఎడమకు కుడికి, క్రిందికి మీదికి త్రిప్పుచు సెకండునకు లక్షలకొలది బిందువులను కొలిచి, ప్రతి బిందువునకు మూడు నిరూపకములను, దానితోపాటు తిరిగివచ్చిన కాంతి బలమును వ్రాసియిచ్చును. కొండముఖము మొత్తము కొన్ని కోట్ల బిందువుల సమూహముగా మారి కంప్యూటరులో నిలుచును. దీనినే పాయింట్ క్లౌడ్ అందురు. టెక్సాస్ విశ్వవిద్యాలయమునకు చెందిన బెలియన్, కెరన్స్, జానెట్ అను మువ్వురు 2005లో వ్రాసిన వ్యాసముతో ఈ పద్ధతి భూవిజ్ఞానులలో విస్తృతప్రచారము పొందినది.

తిరిగివచ్చు కాంతి బలమునుగూర్చి ఒక మాట చెప్పక తప్పదు. కొన్ని స్కానర్లు కంటికి కానరాని 1,550 నానోమీటర్ల కాంతిని వాడును. నీరు ఆ కాంతిని త్రాగివేయును. అందుచేత తడిసిన బీట ఆ చిత్రమున నల్లగా కనబడి, ఏ చీలికలనుండి నీరు ఊరుచున్నదో దానంతట అదియే తెలుపును. తవ్విన గుంతలలో ఊటతో నిత్యము పోరాడు దోహా నగరమున ఇది చిన్న ప్రయోజనము కాదు.

లేజరు లేనివారికి ఛాయాచిత్రము కలదు. పందొమ్మిదవ శతాబ్దపు మధ్యభాగముననే లొసెదా అను ఫ్రెంచి సైనికాధికారి ఛాయాచిత్రములనుండి పటములు గీయుటకు పూనుకొనెను. ఒకే రాతిని పలుచోట్లనుండి, ఒక చిత్రము మరియొకదానిపై సగమునకు మించి పరచుకొనునట్లు తీసినచో, వానిలోని సమానబిందువులను గుర్తించి, కెమెరా ఎచ్చటెచ్చట నిలిచినదో, రాతిరూపమెట్టిదో రెండింటిని ఒకేసారి కంప్యూటరు గణించును. ఖర్చు స్వల్పము, ఫలితము అనల్పము. అయితే కొలబద్ద ఒకటి చిత్రమున కనబడకపోయినచో, ఆ రూపము పదిమీటర్లదో పదిసెంటీమీటర్లదో యెవ్వరును చెప్పజాలరు.

బిందువులనుండి బీటలను వెలికితీయుట ఈ విద్యలో అత్యంత రసవత్తరమైన ఘట్టము. రాయి విరిగినచోట సాధారణముగా ఒక చదునైన పలక బయటపడును. ఇరుగుపొరుగు బిందువులను గైకొని, వాని నడుమ అతి తక్కువ దోషముతో ఇముడు సమతలమును గణించినచో, ఆ సమతలమునకు లంబముగా నిలుచు రేఖ ఆ బీట దిక్కును తెలుపును. ఇట్లు వేలకొలది లంబరేఖలు లభించును. వానిని ఒక గోళముపై గుర్తించినచో, ఒకే వరుసకు చెందిన బీటలు ఒకచోట గుమిగూడును. గుమిగూడిన ఆ బిందువుల నడిమిదిక్కు ఏది, చెదురు ఎంత అని నిర్ణయించు గణితమును సర్ రోనాల్డ్ ఫిషర్ 1953లో ప్రకటించెను. పురాతన శిలలలో గడ్డకట్టిన అయస్కాంతదిక్కులను విచారించుచు ఆయన కనుగొనిన ఆ సూత్రమునే నేడు రాతిచీలికలకు వాడుచున్నారు. ఆ ఫిషర్ మహాశయునియొద్ద కేంబ్రిడ్జిలో శిష్యరికము చేసి, 1948లో డాక్టరు పట్టము పొందినవాడు, విశాఖపట్టణమున ఆంధ్రవిశ్వవిద్యాలయమున గణితము చదివిన మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. ఎడారిలోని బండకును, విశాఖలోని గణితతరగతికిని నడుమ ఇట్టి బాంధవ్యమున్నదని తెలిసినపుడు నాకు కలిగిన ఆనందమును మీతో పంచుకొనకుండ నుండలేకపోతిని.

ఇంత చెప్పిన పిమ్మట, యంత్రము సర్వజ్ఞమని మీరు భావింపరాదు. 1965లో రూత్ టెర్జాగీ అను విదుషి బీటల కొలతలలోని దోషములనుగూర్చి వ్రాసిన వ్యాసము ఇంకను చదువదగినదే. పొలమున సాలువెంట నడచువానికి కాలిక్రింద ఒక్క సాలే తగులును, అడ్డముగా నడచువానికి సాళ్ళన్నియు తగులును. అట్లే కొలతరేఖకు సమాంతరముగా ఉన్న బీటలు లెక్కకు రావు, అడ్డముగా ఉన్నవి అధికముగా వచ్చును. ఆమె దీనికి ఒక సవరణసూత్రము చెప్పినది. ఆ సూత్రము టేపునకే కాదు, స్కానరునకును వర్తించును. ఏలయన రాతిముఖమునకు సమాంతరమైన చీలికలు ఆ ముఖమున గీతలుగా గోచరింపవు. స్కానర్ నిలిచిన చోటికి మరుగైన పలకలు నీడలో పడిపోవును. కావున ఒకే ముఖమును రెండుమూడు స్థానములనుండి చూడవలెను. వందమీటర్ల దూరమున కిరణపు మచ్చ సెంటీమీటర్ల వెడల్పునకు విచ్చుకొనును. కావున నేను ఇందాక చెప్పిన మిల్లీమీటరు బీట వెడల్పును దూరమునుండి ఏ స్కానరును నేరుగా కొలువలేదు. పొడవు, వాలు, దిక్కు, బీటకును బీటకును నడుమ దూరము, వీనిని అది చక్కగా చెప్పును. వెడల్పు చెప్పవలసినది దగ్గరకు పోయిన మనుష్యుడే.

అంతకంటె గంభీరమైన చిక్కు మరియొకటి కలదు. భూగర్భమున మీది బరువుక్రింద అణగియుండిన రాయి, ఆ బరువు తొలగి పైకి వచ్చినపుడు ఊపిరితీసికొని కొత్తగా బీటలువారును. ఎండయు, ఉప్పుగాలియు మరికొన్నింటిని చేర్చును. ఈ పైపై పగుళ్ళు లోతున లేవు. ఒమాన్ కొండపై లెక్కించిన బీటలన్నియు ఖతర్ సముద్రగర్భమునను ఉండునని నమ్మి గణితము చేసినవాడు లేని ప్రవాహమును ఊహించినవాడగును. అట్లయిన వేరుపరచుట ఎట్లు? పూర్వము లోతున చీలిన బీటలయందు ఖనిజజలము పారి, తెల్లని కాల్సైటు పేరుకొనియుండును. నిన్నటి పగులు ఖాళీగా నుండును. ఈ భేదమును సుత్తియు, భూతద్దమును చేతబట్టినవాడు క్షణమున గుర్తించును. రాతినుండి ప్రతిఫలించు కాంతిని వందలకొలది వర్ణములుగా విభజించి చూచు కెమెరాలు సున్నపురాతిని, డోలమైట్‌ను దూరమునుండియే వేరుచేయగలుగుచున్నవి. నేల చొచ్చు రాడార్ ముఖమునకు వెనుక కొన్ని మీటర్లు చూడగలదు, ఉప్పునీరు తగిలినచో మాత్రము గ్రుడ్డిదగును. ఈ సాధనములు ఎన్ని వచ్చినను, ఏ బండయొద్దకును పోకుండ గదిలో కూర్చుండి తయారుచేసిన బీటల పటమును నేను నమ్మను. స్కానర్ కొండంత చూపు ఇచ్చును. ఆ చూపునకు అర్థము చేతితో తాకినప్పుడే దొరకును.

ఖతర్‌లో ఈ పనికి ఋతువును సమయమును కూడ చూచుకొనవలెను. వేసవి మధ్యాహ్నమున నేలనుండి లేచు సెగ గాలిని కంపింపజేసి కిరణమును కొంత వంచును. ధూళికణములు దొంగబిందువులను సృష్టించును. యంత్రము వేడెక్కి నిలిచిపోవును. మనుష్యులకైనచో చట్టమే రక్షణ కల్పించినది: 2021నాటి ఉత్తరువు ప్రకారము జూన్ ఒకటినుండి సెప్టెంబరు పదునైదు వరకు పగలు పదిగంటలకును మూడున్నరకును నడుమ ఆరుబయట ఎండలో పని చేయించరాదు. వేకువవేళ, గాలి నిలకడగా నుండి, సూర్యుడు బండను ఏటవాలుగా తాకుచున్నపుడు ఛాయాచిత్రములయందు బీటలు చక్కగా తేలును. జెక్రీత్ వద్ద, మెత్తని పొరలు గాలికి కొట్టుకొనిపోగా గట్టిరాయి గొడుగులవలె నిలిచిన దిబ్బలయొద్దకు నవంబరు ఫిబ్రవరుల నడుమ పోయినవారు ఈ బీటల వరుసలను ఏ సాధనము లేకయే చూడవచ్చును.

మన తెలుగునాట ఈ విషయము రైతు బ్రతుకుతో ముడిపడియున్నది. తెలంగాణపు నల్లని, ఎర్రని గ్రానైట్ బండలలో సున్నపురాతివలె కరగిన గుహలు ఉండవు. నీరుండునది కేవలము బీటలలోనే. హైదరాబాదునకు దక్షిణమున ఉన్న మహేశ్వరము పరీవాహప్రాంతమున జాతీయ భూభౌతిక పరిశోధనసంస్థయు, ఫ్రెంచి శాస్త్రజ్ఞులును కలిసి చేసిన దీర్ఘపరిశోధనలయందు, నీటిని మోయు బీటలు అధికభాగము భూమట్టమునకు సుమారు 35 మీటర్ల లోపలనే ఉన్నవనియు, వానిలో నేలకు సమాంతరముగా సాగినవే ముఖ్యములనియు తేలినది. ఆపై ఎంత లోతునకు బోరు దింపినను అదృష్టముపై ఆధారపడుటయే. బోరు వెనుక బోరు వేసి అప్పులపాలైన కుటుంబములనుండి ఈ దోహాకు వచ్చి, తాపీపనియు, ఇనుపపనియు చేయుచున్నవారు మీలో కొందరైనను ఉందురు. వారికి ఈ ముప్పదియైదు మీటర్ల మాట ఎంత విలువైనదో నేను వివరింపనక్కరలేదు. అచ్చట ఎండిపోయిన పాత దిగుడుబావులు ఊరూర కలవు. వాని గోడలు భూగర్భమునకు తెరచిన కిటికీలు. నీరు నిండియున్న రోజులలో చూడలేని బీటలను నేడు స్కానరుతో గాని, కెమెరాతో గాని ఒక్క పూటలో చదువవచ్చును. వానిని చెత్తతో పూడ్చివేయుచున్నారని విన్నపుడు నా మనస్సు కలత చెందుచున్నది.

సున్నపురాతి విషయమున ఖతర్‌కు చుట్టము మన తెలుగునాటి బెలుము గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ లోకమునకు తెలిపిన ఆ గుహలను దాదాపు నూరేండ్లకు, 1982, 83 సంవత్సరములలో, డేనియల్ గెబౌయర్ నాయకత్వమున జర్మను బృందము కొలిచినది; 3,229 మీటర్ల ఆ చీకటిదారులు కూడ బీటలవెంట నీరు చొచ్చి కరగించినవే. ఆ ప్రాంతముననే బండలు తీయు పనివారు తరతరములుగా బీట ఎటు పోవునో కంటితో చూచి, సమ్మెట దెబ్బ ఎచ్చట వేయవలెనో నిర్ణయింతురు. మన ఇండ్లలో పరచిన కడపబండ కొలత వారి చదువునకు సాక్ష్యము.

ఇప్పుడు మరల ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌కు వత్తము. 2014లో ప్రయాణికుల విమానములు హమద్ విమానాశ్రయమునకు తరలిన తరువాతను, మెట్రో వచ్చిన తరువాతను ఈ పరిసరములు ఎంత మారినవో మీరెరుగుదురు. దోహా మెట్రోకై ఇరువదియొక్క సొరంగయంత్రములు ఏకకాలమున పనిచేసినవి. 2019 మే నెలలో రెడ్ లైన్ తెరువబడినపుడు అల్ మతార్ అల్ ఖదీమ్ స్టేషను మన ముంగిట నిలిచినది. ఆ స్టేషనులకును, కొత్తమేడల నేలమాళిగలకును తవ్విన ప్రతి గుంతయు, కొండలు లేని ఈ దేశమునకు ఒక కొండచరియవంటిదే. భూమిపై ఎచ్చటను దొరకని శిలాముఖము కొన్ని వారములపాటు నిలువుగా తెరచుకొని, పిదప కాంక్రీటు చాటున శాశ్వతముగా మరుగైపోవును. ఆ వారములలో ఇంజనీర్లు తమ పనికి కావలసిన కొలతలు తీసికొందురు, నిజమే. కాని ఒక గుంత కొలతలు ప్రక్కగుంతవారికి అక్కరకురాక, ఎవరి దస్త్రములలో వారివద్ద నిలిచిపోవుట సర్వసామాన్యము. ఈ వీథిలో ఒక బీట ఏ దిక్కునకు పోవుచున్నదో నేడు వ్రాసియుంచినచో, పదేండ్లకు ఆవలివీథిలో పునాది తవ్వువానికి గుల్లనేల ఎచ్చట తగులునో ముందే చెప్పవచ్చును. తవ్విన ప్రతి గుంతను కప్పివేయుటకు ముందు స్కాన్ చేసి, ఆ బిందువులను నగరమంతటికి ఒక్క భాండాగారమున భద్రపరచుట విధిగా చేయవలెనని నా అభిప్రాయము. వ్యయము ఒక్క గోడ వ్యయమునకు సరిరాదు.

అంతవరకు, ఈ ప్రసంగము వినుచున్న సైట్ ఇంజనీర్లకును, సర్వేయర్లకును, ఫోర్‌మెన్‌లకును ఒక మనవి. 2020నుండి కొన్ని టెలిఫోనులలోనే చిన్న లేజర్ కొలమానము అమర్చి అమ్ముచున్నారు. అయిదుమీటర్ల దూరము వరకు అది పనిచేయును. అది లేకున్న మామూలు కెమెరాయే చాలును. మీ యజమాని అనుమతి పొంది, రక్షణనియమములను పాటించి, గోడకు సిమెంటు చల్లుటకు ముందురోజు ఉదయము, ప్రక్కకు ఒక్కొక్క అడుగు జరుగుచు వరుసగా చిత్రములు తీయుడు. ప్రతి మూడవ చిత్రమున కొలబద్ద గాని, తెలిసిన పొడవు గల కడ్డీ గాని కనబడనిండు. ఉత్తరదిక్కు ఎటున్నదో ఒక బాణపుగుర్తుతో చూపుడు. ఇనుపకడ్డీలయొద్ద దిక్సూచి తప్పుచెప్పును గనుక, సర్వేయరు గుర్తుల ఆధారమున దిక్కు నిర్ణయించుట మేలు. గుంత అడుగుమట్టము ఎంత, ఊట ఏ బీటనుండి వచ్చుచున్నది, బీటలో తెల్లని పూత ఉన్నదా, మట్టి నిండియున్నదా, ఖాళీగా నున్నదా అను నాలుగు ముక్కలు తేదీతో సహా వ్రాసి ఆ చిత్రములతోనే ఉంచుడు.